ప్యానెల్ తలుపు మీది నంబరు

బడికీ నాకూ తొమ్మిదో తరగతిలో తెగిపోయింది. ఎవరు ఎవర్ని వదిలేశారన్నది ఇప్పటికీ తేలలేదు. నేనే రావడం మానేశానని బడివాళ్ళు అంటారు. వెళ్ళిన రోజుల్లో వాళ్ళు నన్ను లోపల కూర్చోబెట్టింది తక్కువ, బయట నించోబెట్టింది ఎక్కువ కాబట్టి, ఇంకొంచెం దూరంగా నించున్నానంతే అని నేనంటాను. ఆ దూరం అలా పెరిగి పెరిగి సైకిల్ షాపు, సోడా బండి, టెంట్ హౌసు మీదుగా, ఇరవై రెండేళ్ళ వయసుకి నన్ను నరసాపురం రేవులో తేల్చింది. అక్కడ పంటు మీద తాడు పట్టే పనిలో కుదిరాను.

పంటు అంటే మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ కార్లనీ ఎక్కించుకుని గోదావరి దాటించే పెద్ద పడవ. నడిపే ఆయన్ని సరంగు అంటాం. మాకు ఇద్దరు సరంగులు. ఒకాయన పొద్దున్నించి మధ్యాహ్నం దాకా, రెండో ఆయన అక్కణ్ణించి చీకటి పడేదాకా. గోదావరి పైకి అంత పెద్దమనిషిలా కనిపిస్తుంది గానీ అడుగున ఒక్క చోట కుదురుగా ఉండదు. పొద్దున ఉన్న ఇసుక మేట సాయంత్రానికి పక్కకి జరిగిపోతుంది. అందుకని దిగిపోయే సరంగు వెంటనే దిగడు. ఎక్కిన సరంగుతో పాటు ఒక ట్రిప్పు పక్కనే నించుని, ఏ మేట ఎక్కడికి జరిగిందో, లోతు చూసే గెడ ఎక్కడ ఎంత దిగిందో చెప్తాడు. కొత్తగా ఎక్కినాయన ప్రతి మాటా తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పాకే పాతాయన ఇంటికి. నేను చూసినంతలో ఈ పద్ధతి ఒక్క రోజు కూడా తప్పలేదు.

మా సరంగులిద్దరికీ మాత్రం మాటల్లేవు. ఒకాయన ఇంట్లో పెళ్ళికి రెండో ఆయన విస్తట్లో పూతరేకు వెయ్యడం మర్చిపోయారట. నాలుగేళ్ళుగా అదే కోపం. కోపం ఉందని పంటుని మేట ఎక్కించలేరు కదా, అందుకని నన్ను మధ్యలో నించోబెట్టేవారు.

"ఒరేయ్, ఆయనగారితో చెప్పు, దీపస్తంభానికి ఎదురుగా మేట రెండు బారలు కిందికి జరిగింది."

ఆయనగారు జానెడు దూరంలోనే ఉండేవాడు. అయినా నేను ఆయన వైపు తిరిగి చెప్పేవాణ్ణి. ఆయన గోదావరి వైపు చూస్తూ, "రెండు బారలు కిందికి. విన్నానని చెప్పు," అనేవాడు. నేను ఇటు తిరిగి చెప్పేవాణ్ణి. ఒక్కోసారి సరదాకి రెండు బారల్ని మూడు చేసేవాణ్ణి. అప్పుడు మాత్రం ఇద్దరూ ఒకేసారి నా మీద పడేవారు. వాళ్ళిద్దరూ కలిసి చేసిన పని నాకు తెలిసి నన్ను తిట్టడమొక్కటే.

ఆ రోజులు ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నేను చేరిన హేచరీలో ఒక కంప్యూటరుకి సరిగ్గా ఇదే జబ్బు ఉండేది.

హేచరీ అంటే రొయ్య పిల్లల్ని పుట్టించి పెంచి చెరువులవాళ్ళకి అమ్మే చోటు. మాది సముద్రం పక్కనే. వైరింగు పనికి వెళ్ళినవాణ్ణి అక్కడే ఉండిపోయాను. కారణం మాస్టారు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవారు. జేబులో రెండు పెన్నులుండేవి, అందులో ఒకటి రాయదు. కళ్ళజోడు, పెన్నులు చూసి ఊరంతా మాస్టారు అన్నారు, ఆయనా కాదనలేదు. ట్యాంకుల్లో నీళ్ళకి గాలి పంపే బ్లోయర్లని ఒక కంప్యూటరు నడిపేది. దాన్నీ, తీగలూ స్విచ్చులూ ఉండే ప్యానెల్ బీరువానీ కట్టింది ఆయనే. ఆ కంప్యూటర్ని నడిపే లైనక్స్ నాకు నేర్పిందీ ఆయనే. నేర్పడానికి కూర్చోబెట్టిన మొదటి మాస్టారు కూడా ఆయనే, అంతకుముందు వాళ్ళంతా నించోబెట్టినవాళ్ళే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక జనరేటర్ షెడ్డు నీడలో పాఠం. ఉప్పు గాలి, డీజిల్ వాసన, మాస్టారి జంతికల డబ్బా. ఇప్పుడు ఎక్కడ జంతిక కొరికినా నాకు కమాండ్లే గుర్తొస్తాయి.

మెషిన్ ఆన్ చెయ్యగానే ముందు లేచేది ఫర్మ్‌వేర్ అని చెప్పారు మాస్టారు. బోర్డుతో పాటే పుట్టిన చిన్న ప్రోగ్రామ్. అది ఒళ్ళంతా తడిమి చూసుకుంటుంది. మెమరీ ఎంతుంది, డిస్కు ఎక్కడుంది, ఏ తీగ ఎటు పోతోంది, అన్నీ. చూసిందంతా పట్టికలుగా రాసి మెమరీలో ఒక చోట పెడుతుంది. అప్పుడు కెర్నెల్ లేస్తుంది, అంటే ఆ తర్వాత మెషిన్ని నడిపే అసలు ప్రోగ్రామ్. పట్టికలు ఫలానా చోట ఉన్నాయని కెర్నెల్‌కి చెప్పేసి ఫర్మ్‌వేర్ ఓ మూల కూర్చుంటుంది.

బాగానే ఉంది. మా మెషిన్ ఎక్కడో పెద్ద ఆఫీసులో వాడి పారేసిన సర్వరు. దాని ఫర్మ్‌వేర్ ఒళ్ళు తడుముకోవడానికి పదకొండు నిమిషాలు తీసుకునేది. కొత్త అల్లుడు అద్దం ముందు నించున్నా అంతసేపు పట్టదు. కంప్యూటరు రెండు నిమిషాలు పలకకపోతే బ్లోయర్లు ఆగిపోతాయి. బ్లోయర్లు ఆగితే రొయ్య పిల్లలు ఊపిరాడక చచ్చిపోతాయి. కంప్యూటరుతో పని లేకుండా బ్లోయర్లని తిప్పడానికి ఒక బైపాస్ స్విచ్ ఉండేది గానీ, ఉప్పు గాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మార్చాలని మాస్టారు ప్రతి నెలా కాగితం మీద రాసుకునేవారు, బహుశా ఆ రాయని పెన్నుతో.

అందుకని ఆయన ఒక దగ్గరి దారి పట్టారు. పాత కెర్నెల్ కుర్చీలో ఉండగానే కొత్త కెర్నెల్‌ని మెమరీలోకి తెచ్చి పక్కన పెట్టుకుంటుంది. ఒక్క కమాండుతో కుర్చీ అప్పగించేస్తుంది. ఫర్మ్‌వేర్‌ని లేపరు. మొత్తం నలభై సెకన్లు. చిక్కల్లా ఒక్కటే. ఫర్మ్‌వేర్ లేవలేదు కాబట్టి పట్టికలు ఎక్కడున్నాయో కొత్త కెర్నెల్‌కి చెప్పే దిక్కు లేదు. ఇప్పటి కెర్నెళ్ళు ఆ సంగతి ఒకదానికొకటి అందించుకుంటాయి. మా దగ్గరున్న పాతవి అందించుకునేవి కావు. ఆ చోటు నంబరు మనమే కమాండు చివర రాసి పంపాలి.

ఇది వినగానే నేను, "అంటే పూతరేకు గొడవేనండి," అన్నాను. మాస్టారికి అర్థం కాలేదు. సరంగుల కథ చెప్తే, పడవలతో పోలుస్తావేంట్రా అని ముందు చిన్నబుచ్చుకుని, తర్వాత జంతిక నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ నవ్వారు.

ఆ నంబరు ప్యానెల్ తలుపు లోపలి వైపు ఆకుపచ్చ మార్కరుతో రాసి ఉండేది. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన పొడుగాటి నంబరు. రాసింది మాస్టారు. గుండ్రటి, అందమైన రాత. ఆ రాతని చూస్తే తప్పని అనబుద్ధి కాదు.

ఆ ఏడాది ఎండాకాలం మొదట్లో హేచరీలో ఒక మార్పు వచ్చింది. అంతవరకూ ల్యాబులో మైక్రోస్కోపు చూసే మేడమ్ గారికి ఓనరు గారు ఎనిమిది ట్యాంకులు అప్పగించారు. మేడమ్ గారిది నరసాపురం. వాళ్ళమ్మగారు లేసు అల్లుతారు. మైక్రోస్కోపు మీద కప్పే గుడ్డ కూడా లేసుదే. ఆదివారం చర్చి నుంచి తిన్నగా బస్సెక్కి ట్యాంకుల దగ్గరికి వచ్చేసేవారు. అంతకుముందు ట్యాంకులు చూసినవాళ్ళంతా మగవాళ్ళే. ఓనరు గారు ఒకే మాట అన్నారు, ఈ ఒక్క బ్యాచ్ చూద్దామని. బ్యాచ్ పోతే ఆవిడ మళ్ళీ లేసు గుడ్డ దగ్గరికే. ఆ సంగతి హేచరీలో వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలుసు.

బ్యాచ్ అమ్మకానికి ఇంకా ఆరు రోజులుందనగా కంప్యూటరు మొండికేసింది. నీళ్ళలో ఆక్సిజన్ చదివే డ్రైవరు, అంటే కెర్నెల్‌లో ఓ చిన్న ప్రోగ్రామ్, గంటకోసారి బిగుసుకుపోయేది. తెర మీద అంకె అలాగే నిలబడిపోయి ఉండేది. నిజంగా అంత ఉందో, ఎప్పటిదో చూపిస్తోందో తెలీదు. ఆ లోపం సరిచేసిన కొత్త కెర్నెల్ మాస్టారు సిద్ధం చేశారు. ఆరు రోజులు ఆగడం కన్నా ఇప్పుడే మార్చడం మేలని మేడమ్ గారూ ఒప్పుకున్నారు. ఆ నెలాఖరుకి మాస్టారు పని మానేసి కొవ్వూరు వెళ్ళిపోతున్నారు. అందుకని ఈసారి మార్పు నన్నే చెయ్యమన్నారు.

పొద్దున పది గంటలు. మాస్టారు నా వెనక, మేడమ్ గారు గుమ్మంలో. నేను కమాండు మొదలుపెట్టాను. నంబరు తలుపు మీద ఉందిగా, కొట్టెయ్ అన్నారు మాస్టారు.

పంటు అలవాటు కదా, అంతకు రెండు నిమిషాల ముందే నడుస్తున్న కెర్నెల్‌ని నేను అడిగి చూశాను. ఇవాళ పట్టికలు ఎక్కడున్నాయని. అడిగితే చెప్తుంది, దానికో ఫైలుంది. అది చూపించిన నంబరూ తలుపు మీద నంబరూ చివర నాలుగు చోట్ల కలవలేదు.

ఎందుకు కలవలేదో కూడా నాకు తెలుసు. నెల కిందట ట్యాంకులు ఖాళీగా ఉన్నప్పుడు మెషిన్ ఆపి ఒక మెమరీ కార్డు అదనంగా పెట్టాం. పెట్టింది ఈ చేతులే. మెమరీ పెరిగేసరికి ఫర్మ్‌వేర్ పట్టికల్ని ఇంకో చోటికి జరిపింది.

తెర చూశాను. తలుపు చూశాను. మాస్టారి మొహం చూశాను. "ఇది వేరేగా ఉందండి" అంటే సరిపోయేది. మూడే మాటలు, నాలిక చివరిదాకా వచ్చాయి. ఆయన ముందు, అందులోనూ మేడమ్ గారు చూస్తుండగా, తొమ్మిదో తరగతివాడు ఆయన రాసింది తప్పనడమా? ఆయనకి తెలిసే ఉంటుంది, ఏదో కారణం ఉండే ఉంటుంది అనుకున్నాను. మా వైపు ఈ అనుకోవడానికి మొహమాటం అని పేరు. మొహమాటంతో పెళ్ళిళ్ళు చేసుకున్నవాళ్ళున్నారు. నేను తలుపు మీద నంబరు కొట్టి, మర్యాదగా ఎంటర్ నొక్కాను.

తెర నల్లబడింది. వరసగా అక్షరాలు పరిగెత్తాయి. ఆగిపోయాయి. డిస్కు దొరకలేదని రాసి, దాని కింద పానిక్ అని రాసింది. కెర్నెల్‌లో నాకు నచ్చేది అదే, కంగారు పడితే ఆ సంగతి తనే రాస్తుంది. మేం ముగ్గురం మాత్రం ఏం కాలేదన్నట్టు నించున్నాం.

రెండు నిమిషాలయ్యాక బ్లోయర్ల హోరు ఆగిపోయింది. ఆ హోరు మూడేళ్ళుగా వింటూ విననట్టయిపోయింది నాకు. ఆగాక సముద్రం వినపడింది.

"మగ్గులు, బకెట్లు, ఏవి దొరికితే అవి పట్రండి," అంటూ మేడమ్ గారు ట్యాంకుల దగ్గరికి పరిగెత్తారు. నీళ్ళు ముంచి ఎత్తు నుంచి పోస్తే కాస్త గాలి కలుస్తుంది. నేను పవర్ బటన్ నొక్కి పట్టుకుని, మళ్ళీ ఆన్ చేశాను. ఫర్మ్‌వేర్ తాపీగా ఒళ్ళు తడుముకోవడం మొదలుపెట్టింది. ఇక అక్కడ చెయ్యగలిగిందేమీ లేదు. నేనూ బకెట్ పట్టుకున్నాను. వంటావిడ గిన్నెతో వచ్చింది. వాచ్‌మన్ తన టిఫిన్ క్యారేజీ గిన్నెలు విడదీసి పంచాడు. మాస్టారు ప్యాంటు మడిచి మగ్గుతో పోస్తున్నారు. కళ్ళజోడు నిండా నీళ్ళు, తుడుచుకోవడం లేదు. మేడమ్ గారు నీళ్ళ మీంచి తల ఎత్తకుండా ఎన్నో నిమిషమని నన్ను అడుగుతూనే ఉన్నారు. నేను చెప్తూనే ఉన్నాను. ఒక్క నిమిషం కూడా సరదాకి కలపలేదు.

పదకొండు నిమిషాలు దాటాక హోరు మళ్ళీ మొదలైంది. మేడమ్ గారు గ్లాసు బీకరుతో ఒక్కో ట్యాంకులో నీళ్ళు ముంచి వెలుతురుకి పెట్టి చూసుకుంటూ వచ్చారు. ఏడు ట్యాంకుల్లో పిల్లలు ఈదుతున్నాయి. మూల ఉన్న ఎనిమిదో దాంట్లో అన్నీ అడుగున పేరుకున్నాయి. ఆవిడ ఆ బీకరు పట్టుకుని అలాగే నించుండిపోయారు.

మాస్టారు మొహం కడుక్కోవడానికి వెళ్ళాక, ఆవిడ దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాను.

"నంబరు తప్పని మీకు ముందే తెలుసా?"

"తెలుసండి."

"మరి చెప్పలేదేంటి?"

"మాస్టారు రాశారు కదండి."

ఆవిడ తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. బీకరు వంక చూస్తూ, మెల్లగా, "ఈ మూల ట్యాంకులో పిల్లలు ఎక్కువైపోయాయని నాకు నాలుగు రోజుల కిందటే తెలుసండి. అందుకే ఇదొక్కటీ తట్టుకోలేదు. ఓనరు గారు దగ్గరుండి పోయించారని నేనూ నోరు మూసుకున్నాను," అన్నారు.

మర్నాడు ఓనరు గారు వచ్చారు. మాస్టారు తప్పు తనదన్నారు, స్విచ్ మార్చలేదని. నేను నాదన్నాను. తప్పు కోసం అంత పోటీ ఆయన ఎక్కడా చూసి ఉండరు. ఆయన మేడమ్ గారి వైపు తిరిగారు. ఆవిడ చేతుల్లో లేసు గుడ్డ నలుగుతోంది.

"మూల ట్యాంకులో ఎక్కువ పోయించారండి. ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. అది నా తప్పు. ఇకమీద మీరు పోయిస్తున్నా చెప్తానండి."

హేచరీలో ఆయనతో అలా మాట్లాడినవాళ్ళని నేను చూడలేదు. ఆయనా చూసి ఉండరు. మూల ట్యాంకు దాకా నడిచి, వంగి చూసి, తిరిగొచ్చి, "మిగతా ఏడూ ఎవరు చూస్తారు?" అన్నారు.

"నేనేనండి."

"ఆయ్. చూడండి మరి."

అంతే. ఏడు ట్యాంకులూ అమ్ముడయ్యాయి. తర్వాతి బ్యాచ్‌కి ట్యాంకులు పన్నెండయ్యాయి. బైపాస్ స్విచ్ ఆ వారమే మారింది.

మాస్టారి ఆఖరి రోజున మెషిన్ని ఇంకోసారి మార్చాల్సొచ్చింది. నిజానికి అవసరం లేదు, ఆయన ఉండగా ఒక్కసారైనా సరిగ్గా చెయ్యాలని నా పట్టుదల. ఆ నంబరు సంగతి మాస్టారి దగ్గర నేను ఇంకా ఎత్తలేదు. అంత జరిగాక కూడా మొహమాటం పోలేదంటే చూడండి. అప్పుడు సరంగులు గుర్తొచ్చారు. మేడమ్ గారిని పిలిచి మా ఇద్దరి మధ్యా నించోమన్నాను.

"మేడమ్ గారూ, మాస్టారితో చెప్పండి, తలుపు మీద నంబరు మెమరీ పెట్టకముందుదని. ఇవాళ మెషిన్ చెప్పేది వేరని."

ఆవిడ నవ్వాపుకుంటూ అటు తిరిగి చెప్పారు. జానెడు దూరంలో ఉన్న మాస్టారు కిటికీలోంచి సముద్రం వైపు చూశారు.

"అతనితో చెప్పమ్మా, ఆ రోజు నాకూ అనుమానం వచ్చింది. శిష్యుడి ముందు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదవడానికి సిగ్గేసింది."

ఆ తర్వాత ఆయనకి అడ్డు లేదు. ఏ తీగ వదులుగా ఉందో, ఏ ఫ్యూజు తను అప్పటికప్పుడు సర్దిందో, ఎక్కడ ఆయనకే అర్థం కాక వదిలేశారో, వరసగా మేడమ్ గారితో చెప్పారు. ఆవిడ నాతో చెప్పారు. నేను అప్పజెప్పాను. మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది. ఆఖరున ఆయన స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తలుపు మీద నంబరు తుడిచేశారు. నేను మెషిన్‌ని అడిగి, అది చెప్పింది పైకి చదివి, కమాండులో కొట్టాను. నలభై సెకన్లు. హోరు ఆగలేదు. మాస్టారు జంతికల డబ్బా నా బల్ల మీద పెట్టి బస్సెక్కారు.

ఇప్పుడు నాకు నరసాపురంలో చిన్న కంప్యూటర్ రిపేరు షాపుంది. ఆ సర్వరు పాత సామానుకి పోయింది. ప్యానెల్ తలుపు మాత్రం నేను తెచ్చుకున్నాను, సోల్డరింగు చేసుకునే బల్లకి అదే పైపలక. స్పిరిట్ తగిలిన చోట రంగు వెలిసి ఒక మచ్చ. చెయ్యి అక్కడే ఆనుతుంది. కొత్త మెషిన్లకి నాలాంటివాడు మధ్యలో నించోవాల్సిన పని లేదు. మాస్టారు కొవ్వూరు నుంచి ఫోను చేసి, ఏరా, ఏం కొట్టావురా ఇవాళ అని అడుగుతుంటారు. జంతికల డబ్బా తిరిగి ఇమ్మని మాత్రం అడగరు. మొహమాటం.

పోయిన నెల మేడమ్ గారు ఫోను చేశారు. ఆవిడ ఇంకా పెద్ద హేచరీకి వెళ్తున్నారట. ఇక్కడి ట్యాంకులు ఇంకో అమ్మాయికి అప్పగించాలట. నన్ను ఒక పూట రమ్మన్నారు.

"మీరిద్దరూ బాగానే మాట్లాడుకుంటారు కదండి, మధ్యలో నేనెందుకు?"

"ఆ అమ్మాయి నన్ను మరీ గౌరవిస్తోందండి," అన్నారు మేడమ్ గారు. "మీరొచ్చి నించోండి."

షాపు మూసేసి బస్సెక్కాను.